రత్నమణి పాసైన పరీక్ష

తడిగుడ్డతో ఆధార్ మిషన్ బల్ల కింద తుడుస్తోంది రత్నమణి. చెంగు నడుముకి బిగించింది. గొంతుకూచున్న కాళ్ల మడమలు బీటలువారి ఉన్నాయి. భర్త ప్రేమయ్య పోయాక కారుణ్య నియామకం కింద ఆదోని వార్డు ఆఫీసులో అటెండరుగా చేరి ఇరవై ఏడేళ్లు. ఈ సాయంత్రంతో రిటైర్మెంటు.

మిషన్ నడిపే పరీక్షను సిబ్బందంతా రాయాలన్నప్పుడు ఆమె కూడా రాసింది. రెండుసార్లు తప్పి, పోయిన నెలలో గట్టెక్కింది.

"ఇంటికి పోయేదానివి, నీకెందుకుమ్మా ఇదంతా?" అన్నాడు సూపరింటెండెంటు.

"ఆ మిషన్ ముందర కుర్చీలో ఒక్క దినమన్నా కూచోవల్లని ఆశ సార్."

పాసయింది గానీ, ఆమె పేరున మిషన్ తెరిచే లాగిన్ మాత్రం పై ఆఫీసు నుంచి ఇంకా రాలేదు. పొద్దున్నే సూపరింటెండెంటును అడిగింది. భోజనాలయ్యాక మళ్లీ అడిగింది. రాలేదు.

మూడు గంటలప్పుడు ఈరక్క అనే ముసలామె వచ్చింది. కార్డులో తన పేరు వీరమ్మ అని పడిందట, మార్చమంది. ఆపరేటరు యామిని ఆమె వేళ్లన్నీ ఒక్కొక్కటే పెట్టించింది. పత్తి తీసి తీసి అరిగిన వేళ్లు. మిషన్ ఆ ముద్రలు తీసుకోలేదు.

"రేపు రా అవ్వా."

"రెండు బస్సులు మారి వచ్చినా తల్లీ. మళ్లా యాడొచ్చేది?"

పడమటి కిటికీలోంచి ఎండ సరిగ్గా మిషన్‌లో వేలు పెట్టే అద్దం మీద పడుతోంది. రత్నమణి వెళ్లి కిటికీకి అడ్డంగా నిలబడింది.

"ఎండ పడితే అది చదవదు పాపా, ట్రైనింగులో చెప్పినారు గదా. అవ్వా, ఒత్తొద్దు, ఊరికే ఆనించు."

పచ్చలైటు వెలిగింది. యామిని గబుక్కున లేచింది. "అక్కా, తక్కింది మీరే చేయండి. కూచోండి."

రత్నమణి చెయ్యి కుర్చీ వీపు మీదకి పోయింది. కాసేపు అక్కడే ఉంది. తర్వాత తీసేసింది.

"నీ పేరుతో తెరిచిన మిషన్ ముందర నేను కూచోగూడదమ్మా. అది గూడా పరీక్షలో అడిగినారు."

పని అయ్యేదాకా వీపు కాలుతున్నా కిటికీ దగ్గరే నిలబడింది. యామిని రసీదు చదివింది: "ఈరక్క."

"ఆ, నేనే," అంది ముసలామె, ఎవరో పిలిచినట్టు.

ఐదింటికి రత్నమణికి దండ వేసి శాలువా కప్పారు. గేటు దగ్గర ఒకసారి వెనక్కి చూసి, ఆటో ఎక్కి వెళ్లిపోయింది.

సోమవారం తపాలాలో ఆఫీసుకు కవరు వచ్చింది. అందులో ఎర్ర తాడుతో మెడలో వేసుకునే కార్డు, మీద రత్నమణి ఫొటో, కింద 'ఆపరేటర్' అని అచ్చు. ఇంటికి పంపేదాకా ఉండనీ అని యామిని దాన్ని గోడ మేకుకు తగిలించింది. ఫ్యాను గాలికి అది మెల్లగా తిరుగుతూనే ఉంది.