ఒక గాజు ఎక్కువ

“ఆ గిన్నెలనే గదా ఆళ్ళ చేతులు పెట్టిచ్చింది?”

పొద్దున్నే రొట్టెల పిండి కలుపుతున్న నజియా తలెత్తలేదు. ప్లాస్టర్ కలిపే టబ్బు వేరు, పిండి గిన్నె వేరు. ఎన్నిసార్లు చెప్పినా మొగుడు మన్సూర్ చెవికెక్కదు. బడిలో డ్రాయింగ్ టీచర్ ఉద్యోగం, ఇంట్లో వంట, బట్టలు, అత్తగారి మందులు, ఇవన్నీ అయ్యాక మిగిలిన కాస్త పొద్దులో తనకోసం చేసుకుంటున్న పని అది. ఒకప్పుడు ఖమ్మంలో ఒళ్ళమ్ముకుని బతికిన ఆడవాళ్ళ గల్లీ ఒకటి ఉండేది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్ దుకాణాలు. ఆ గల్లీ మనుషులను వెతికి, వాళ్ళ చేతులను ప్లాస్టర్‌లో పోతపోసి, కింద వాళ్ళ మాటలు రాసి ఊరికి చూపించాలని ఆమె పంతం. ముఖాలు చూపమంటే ఎవరు ఒప్పుకుంటారు? చేతులంటే ఒప్పుకున్నారు.

చివరగా దొరికింది జంపక్క. భద్రాచలం అవతల, అడవి అంచు ఊళ్ళో ఉంటోంది. టబ్బులో చెయ్యి పెట్టి కూర్చుని ఆ ముసలామె చెప్పిన మాట నజియాను బస్సులో దారి పొడుగునా కుదురుగా కూర్చోనివ్వలేదు.

“గాజులమ్మే అమీరున్నీసా వచ్చేది బిడ్డా. సంసారపోళ్ళకు గాజులేసినంక, సల్లగుండమని ఒక గాజు ఉత్తగనే ఎక్కువేసేది. మాకు లెక్కకే ఏసేది. గా ఒక్క గాజు కోసం చెయ్యి చాపే ఉంచేదాన్ని.”

అమీరున్నీసా నజియా అత్తగారు. ఆ సంగతి జంపక్కకు తెలియదు. నజియా చెప్పకుండానే వచ్చేసింది.

ఇంటికొచ్చి ఆ మాటలు, ఆ పేరుతో సహా, ప్లాస్టర్ చెయ్యి కింది అట్ట మీద రాసింది. మన్సూర్ కంట్లో ఇవాళ పడింది.

“ఆళ్ళ గురించి ఏమన్న రాసుకో. మా అమ్మ పేరు తీసెయ్. లేకుంటే ఆ చేతులు ఈ గడప దాటవ్.”

వాళ్ళ బతుకు బజారున పెట్టొచ్చు, తన ఇంటి మాట మాత్రం బయటికి రాకూడదు! నజియాకు ఒళ్ళు మండింది. భయమూ వేసింది. ఆదివారమే ప్రదర్శన. ఒక్క పేరు తీసేస్తే అంతా సాఫీగా జరిగిపోతుంది.

“ఏంది నా పేరు? చదువు,” అంటూ లోపలి గదిలోంచి అత్తగారు వచ్చింది.

నజియా చదివింది. పేరు దగ్గర మన్సూర్ వైపు చూసింది. అయినా చదివింది.

అమీరున్నీసా పాత పెట్టె తెరిచి ఒక పచ్చ గాజు తెచ్చింది. ప్లాస్టర్ చేతిని ఒళ్ళో పెట్టుకుని, అలవాటుగా బొటనవేలి మొదలు నొక్కింది. ప్లాస్టర్ నొక్కితే లొంగదు. గాజు కణుపుల దగ్గరే ఆగిపోయింది. ఇంకాస్త తోస్తే చిట్లేదే.

“ఆళ్ళకు ఎక్కువ గాజు ఎన్నడూ వెయ్యలే. నిజమే,” అంది కొడుకుతో. “ఆళ్ళ పైసలు మాత్రం కాదనలే. నిన్ను సదివిచ్చింది గవే. పేరు ఉండనీ.”

గాజు చేతిలో పట్టుకుని ఆమె అలాగే కూర్చుంది. కళ్ళు నిండాయి.

నజియా చేతులు కడుక్కుని వచ్చింది.

“పిండి కలిపి పెట్టిన. రొట్టెలు మీరు కాల్చుకోండి,” అంది మొగుడితో. అత్తగారి భుజం పట్టుకుంది.

“లెండి అమ్మీ. భద్రాచలం బస్సుంది. జంపక్క చెయ్యి ఇంకా మెత్తగనే ఉన్నది.”