సీమంతం తర్వాతి సోమవారం

దీక్షిత పడిపోయింది ఎక్స్‌పో స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, జనమంతా ఆఫీసులకు దిగుతున్న వేళ. రాత్రి డ్యూటీ ముగించుకుని ఇంటికి పోయే రైలు కోసం నిలబడి ఉంది. ఏడో నెల కడుపు. భుజం మీది సంచి జారింది, మెడ ఒక పక్కకు తిరిగింది, తర్వాత మనిషి నిలువునా కూలింది.

నేనూ అమూల్యా అప్పుడే రైలు దిగాం. ముగ్గురిదీ ఒకే టీమ్. సింగపూర్ చాంగీ బిజినెస్ పార్కులో ఒక బ్యాంకు కంప్యూటర్లకు పగలూ రాత్రీ కాపలా కాసే పని. పని బ్యాంకుది, జీతమూ, ఈ దేశంలో ఉండనిచ్చే వర్క్ పాసూ మాత్రం మనుషుల్ని సరఫరా చేసే విశ్వేశ్వరరావు గారి కంపెనీవి.

ఒక తమిళ పెద్దాయన జేబులోంచి తాళాల గుత్తి తీసి, చేతిలో ఇనుము పెట్టమన్నాడు. వద్దన్నాను. కాళ్ళూ చేతులూ అదిమిపట్టబోయిన వాళ్ళని ఆపాం. ఇలా జరిగితే ఏం చెయ్యాలో దీక్షిత మా ఇద్దరికీ ముందే చెప్పి ఉంచింది. అమూల్య తన బ్యాగు ఆమె తల కింద పెట్టింది. కొట్టుకోవడం ఆగాక ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టాం. పెదవి చివర నురగ నేను తుడిచాను.

"రాత్రి డ్యూటీ వద్దని డాక్టర్ రాసిచ్చింది గదక్కా. మళ్ల ఈమెని రాత్రికెట్ల ఏసిండు ఆ విశ్వేశ్వరరావు?" అంది అమూల్య. వరంగల్ పిల్ల. ఆ గొంతుకి ప్లాట్‌ఫారం అంతా తిరిగి చూసింది.

బిడ్డ గుండె బాగానే కొట్టుకుంటోందని సాయంత్రానికి ఆస్పత్రిలో చెప్పారు. అదే సాయంత్రం కంపెనీ వాట్సాప్ గ్రూపులో విశ్వేశ్వరరావు గారి మెసేజ్ వచ్చింది. మన దీక్షిత బిడ్డకి మంచిదనుకుని తనంతట తాను మూర్ఛ మాత్రలు మానేసిందట. అందుకే ఇలా జరిగిందట. విశ్రాంతి కోసం రాజీనామా చేసి ఇండియా వెళ్తోందట. అందరూ ఆమె కోసం ప్రార్థించాలట.

ఆమె జబ్బు పేరు అప్పటిదాకా టీమ్‌లో మా ఇద్దరికే తెలుసు. ఇప్పుడు కంపెనీ మొత్తానికి తెలిసింది.

దీక్షిత ఆస్పత్రి మంచం మీద పడుకుని ఆ మెసేజ్ రెండుసార్లు చదివింది. నంద్యాల పిల్ల, మెల్లగా మాట్లాడుతుంది.

"ఒక్క మాత్ర గూడా మానలేదక్కా నేను. రాజీనామా గూడా ఇయ్యలేదు. టెన్త్ నుంచి వేసుకుంటా ఉండా. పాత మందు కడుపులో బిడ్డకి చేటని, పిల్లలు కావాలనుకున్నప్పుడే మార్పించుకున్యా. నెలలు పెరిగే కొద్దీ డాక్టరమ్మ డోసు పెంచుకుంటా వచ్చింది. మందు మానొద్దు, నిద్ర చెడగొట్టుకోవద్దు. ఆయమ్మ చెప్పినవి ఈ రెండే."

"రక్తం చూశారుగా, మందు సరిగ్గానే ఉందన్నారు," అన్నాడు ఆమె భర్త అభిజిత్. "లేనిది నిద్రేనట."

అభిజిత్ యూనివర్సిటీలో పరిశోధక విద్యార్థి. అతని పాస్ మీద భార్య ఇక్కడ ఉండటానికి లేదు. ఆమె ఉద్యోగం పోతే నెలలోపు దేశం వదలాలి. ఈ స్థితిలో విమానం ఎక్కనివ్వనని డాక్టరు చెప్పేసింది.

"మరి మాత్రలు మానే మాట ఎక్కడిది? మానమని నీతో ఎవరైనా అన్నారా?" అని అడిగాను.

"కమలాదేవి ఆంటీ అనింది, సీమంతం నాడు. బిడ్డకి మంచిది, మానెయ్యమని."

కమలాదేవి గారు విశ్వేశ్వరరావు గారి భార్య. కంపెనీలో ఏ పిల్ల నెల తప్పినా తాము ఉండే కాండో అపార్ట్‌మెంట్లలో హాలు తీసుకుని సీమంతం ఆవిడే చేస్తుంది. గాజులు తొడిగి, ఐదు రకాల అన్నాలు వడ్డించి, తర్వాత పిల్లని లోపలి గదిలో పక్కన కూర్చోబెట్టుకుంటుంది. మీ అమ్మని అనుకుని చెప్పు తల్లీ, షుగరుందా, బీపీ ఉందా, ఏం మాత్రలేసుకుంటున్నావ్? కన్నతల్లి సముద్రం అవతల ఉన్న పిల్లలు. చెప్పకుండా ఎవరుంటారు? మేమందరం ఆ భోజనాలు తిని, ఎంత మంచి మనిషో అనుకుంటూ ఇళ్ళకు వెళ్ళిన వాళ్ళమే.

సీమంతం శనివారం అయింది. సోమవారం దీక్షిత పేరు రాత్రి డ్యూటీలో పడింది. అంతవరకూ ఆమెది పగటి డ్యూటీ. డాక్టరు చీటీ తీసుకెళ్తే విశ్వేశ్వరరావు గారు దాన్ని జేబులో పెట్టుకున్నారు. "ఇది బ్యాంకు వాళ్ళకి చూపిస్తే నిన్నే పంపించేస్తారమ్మా. కొన్నాళ్ళు సర్దుకో. పగలు వేయించే పూచీ నాది," అన్నారు. ఆ పూచీ మీద ఆమె రాత్రి తర్వాత రాత్రి కూర్చుంది.

ఇదంతా వింటూ గుమ్మంలో ఒకామె ఆగిపోయింది. లత. రెండేళ్ళ క్రితం దాకా మా టీమే. కానుపుకి ముందు మానేసి ఇప్పుడు భర్త పాస్ మీద ఇంట్లో ఉంటోంది. దీక్షితకి రసం అన్నం తెచ్చింది.

"నీకూ సోమవారమేనా?" అంది.

ఎవరికీ అర్థం కాలేదు.

"నాకు షుగరు వచ్చిందని ఆంటీకి చెప్పాను. ఇన్సులిన్ వేసుకుంటున్నానని కూడా. ఆ సోమవారమే రాత్రి డ్యూటీ. నెల ఓర్చుకుని, వల్లకాక నేనే రాజీనామా ఇచ్చాను. నా తలరాత అనుకున్నానమ్మా. నా తర్వాత ఇంకో అమ్మాయికి డాక్టరు విశ్రాంతి చెప్పింది. ఆ పిల్లా అంతే, తనే మానేసింది."

అప్పుడు తెలిసింది మాకు. కడుపుతో ఉన్న మనిషిని తీసేస్తే ప్రభుత్వానికి జవాబు చెప్పాలి. తనే మానుకుంటే ఎవరికీ చెప్పక్కర్లేదు. ఏ పిల్లని ఏ రకంగా మానిపించాలో తెలియడానికే ఆ గాజులూ ఆ పులిహోరా.

ఆదివారం సిమే పేటలో లత వాళ్ళ ఫ్లాట్ల కింద ఖాళీగా వదిలే వాయిడ్ డెక్‌లో రాతి బల్లల దగ్గర కూడాం. టీమ్‌లో ఆడవాళ్ళం తొమ్మిదిమందిమి. దీక్షితా వచ్చింది, అభిజిత్ చెయ్యి పట్టుకుని.

"దీక్షిత పగటి డ్యూటీకి వచ్చేదాకా మనలో ఎవ్వరం రాత్రికి పోవద్దు," అంది అమూల్య. "అందరం పోయి లేబర్ మినిస్ట్రీల ఫిర్యాదు ఇద్దాం."

"నీకేం, ఒంటరిదానివి," అంది మా టీమ్ ప్రణవి. "ఇక్కడే స్థిరపడదామని పెట్టుకున్న పీఆర్ అప్లికేషన్ ఇంకా తేలలేదు. పిల్ల ఇక్కడే ఒకటో తరగతి."

"నీకు రెండో కాన్పు రాదా? గప్పుడు గా ఆంటీ నిన్ను గూడ పక్కన కూసోబెట్టుకోదా?" అంది అమూల్య.

"ఆమె జబ్బు ఆమెది. అందరి నెత్తికీ ఎందుకు చుట్టడం?"

లత అంది, "నాది షుగరు. ఆమెది ఫిట్స్. ఇంకొకరికి నడుంనొప్పి. ఏ జబ్బూ లేని కడుపు ఎవరికుందో చెప్పవే."

ప్రణవి సంచి తీసుకుని వెళ్ళిపోయింది. తెల్లారేసరికి కమలాదేవి గారి నుంచి మా అందరికీ వరుసగా ఫోన్లు. నాకు వచ్చినప్పుడు, "వసుంధరా, పెద్దదానివి, నువ్వైనా చెప్పవా చిన్నపిల్లలకి," అంది. మేం మాట్లాడుకున్న మాటలన్నీ ఆవిడ దగ్గర ఉన్నాయి. మావారు జగన్మోహనరావు నా మొహం చూసి, "మన పాసూ ఆయన చేతిలోనే ఉంది," అన్నారు. అది నాకూ తెలుసు. చెప్పులేసుకున్నాను.

ఎనిమిదిమందిమి, లత తొమ్మిదోది. విశ్వేశ్వరరావు గారి ఆఫీసు సెరంగూన్ రోడ్డులో డబ్బు పంపే దుకాణం పైన. పేవ్‌మెంట్ మీద నడుస్తుంటే అమూల్య వెనక్కి తిరిగింది. "ఇద్దరిద్దరు నడువుండ్రి, నడుమ జాగ ఇడిసి. పర్మిషన్ లేకుంట ఊరేగితే ఈడ కేసే. ఇది షాపింగే గానీ ఊరేగింపు కాదు లా," అంది, చివర్న సింగపూర్ యాస తగిలించి. దీక్షిత మొదటిసారి నవ్వింది.

ఆయన తలుపు తీసి మా అందరినీ చూశాడు. లోపల కమలాదేవి గారు ఫ్లాస్కు, కప్పులు సర్దుతోంది.

"దీక్షితా, నువ్వొక్కదానివీ లోపలికి రామ్మా. మీరంతా పనిలోకి వెళ్ళండి. ఈమెకి రేపట్నుంచి పగటి డ్యూటీ. నేను మాటిస్తున్నా."

ఎవరం కదల్లేదు. అమూల్య దీక్షిత చెవి దగ్గర గొణిగింది. "తీస్కో. మా సంగతి మేం చూస్కుంటం. నీకు బిడ్డ ముఖ్యం."

దీక్షిత ఆయన్ని వదిలేసి కమలాదేవి గారి వైపు చూసింది. "ఆంటీ, నాకు ఫిట్స్ అని, ఈ అక్కావాళ్ళిద్దరు గాక, మీకొక్కరికే చెప్పినాను."

ఆవిడ కప్పు కింద పెట్టింది. "నీ మంచికేనమ్మా. ఇంట్లో ఆయన అడిగితే చెప్పకుండా ఎలా ఉంటాను? నువ్వు మాత్రం మీ ఆయనకి చెప్పవూ?"

"మా ఆయన ఎవురి పొట్టా కొట్టడు ఆంటీ."

"రామ్మా, లోపల కూర్చుని మాట్లాడుకుందాం," అన్నాడు ఆయన మళ్ళీ.

"పక్కన కూర్చోబెట్టుకుని అడిగితే నోరు తెరిచి చెప్పుకున్యా. మీరు పూచీ అంటే రాత్రులు కూర్చున్యా. రెండుసార్లూ ఒక్కదాన్నే ఉండా. ఇంక మీ దగ్గర ఒక్కదాన్నే కూర్చోను సార్. కడుపుతో ఉన్నోళ్ళకి ఎవురికీ రాత్రి డ్యూటీ లేదని వీళ్ళందరి ముందర చెప్పండి. గ్రూపులో పెట్టండి. నేను మాత్రలు మానలేదని గూడా పెట్టండి."

ఆయన మొహంలోంచి పెద్దమనిషి పోయాడు. "పాస్‌లు నా చేతిలో ఉన్నాయి. ఒక్క క్లిక్కుతో రద్దు చేస్తాను. రాత్రి డెస్క్ ఎవరు చూస్తారనుకుంటున్నారు?"

"నువ్వు చూడు," అంది అమూల్య. "ఆంటీని పక్కన కూసోబెట్టుకో. కాఫీ మంచిగ కలుపుతది."

అక్కణ్ణుంచి మినిస్ట్రీకి వెళ్ళాం. అందరం పేర్లిచ్చాం. విచారణ ముగిసేదాకా దీక్షిత దేశం వదలనక్కర్లేదన్నారు. అభిజిత్ అక్కడే కుర్చీలో మొహం చేతుల్లో పెట్టుకున్నాడు.

ఆ రాత్రి మాలో ఎవరం డ్యూటీకి పోలేదు. మర్నాడు అమూల్య పాస్ రద్దయిందని మెసేజ్ వచ్చింది. అది చూసి మా టీమ్ మగవాళ్ళు నలుగురు, అంతవరకూ ఆడవాళ్ళ గొడవ అని తప్పుకు తిరిగినవాళ్ళు, తామూ రాత్రికి రామని గ్రూపులోనే రాశారు.

నేను అమూల్య గదికి వెళ్ళేసరికి సూట్‌కేసు మంచం కిందే ఉంది. నేల మీద కూర్చుని ఫోన్‌లో ఎవరికో మెసేజ్ కొడుతోంది.

"ఎప్పుడు పోవాలే?" అన్నాను.

"నెల టైమిచ్చిండ్రక్కా. నెలంటే మస్తు పని చెయ్యొచ్చు." తల ఎత్తకుండానే అంది. "రాఫెల్స్ ప్లేస్‌ల ఇంకో బ్యాంకుకి గూడ వీడే మనుషులని పంపిస్తడంట. అండ్ల ఇద్దరు కడుపుతోటి ఉన్నరు. ఒకామెకి వచ్చే శనివారం సీమంతం. లే, సీమంతానికి ముందే పోయి ఆమెకి చెప్పి వద్దాం."