‘పై వాటా’ నాలుగో భాగం

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా ఆయన కనబడ్డవాళ్లందరికీ చెబుతుంటాడు. ఉంటే ఉంది, ముక్కు నాది. కళ్లజోళ్ల షాపులో పద్దెనిమిదేళ్లుగా అద్దాలు అరగదీస్తున్నాను. అప్పుడే తుడిచిపెట్టిన అద్దం మీద బొటనవేలు నొక్కి, “ఇదేంటండీ మసగ్గా ఉంది?” అని అడిగేవాళ్లు రోజుకి పదిమంది వస్తారు. వాళ్ల ముందు శాంతమూర్తిలా కూర్చోవడం నావల్ల కాదు. కానీ ఆ కోపంతోనే మూడేళ్ల కిందట ఒక వెధవపని చేశాను. అదేంటో చెప్పాలంటే ముందు ‘పై వాటా’ గురించి చెప్పాలి.

నేను నాలుగేళ్ల పిల్లగా ఉన్నప్పుడు టీవీలో ‘పై వాటా’ అని కామెడీ సీరియల్ వచ్చేది. మేడ మీద అద్దెకుండే ఒక గుమస్తా, కింద వాటాలో ఇంటి ఓనరమ్మ, ఇద్దరికీ నిత్యం కీచులాట. కథంటూ అంతకుమించి ఏమీ లేదు. మొత్తం యాభై రెండు భాగాలు. పలకరించుకోడానికి కూడా అందులో డైలాగులే వాడుకునే పిచ్చివాళ్లం మూడొందలమందిమి ఇప్పటికీ ఒక ఫోన్ గ్రూపులో ఉన్నాం. తొమ్మిదో భాగం నుంచి అన్నీ దొరుకుతాయి. మొదటి ఎనిమిదీ లేవు. టీవీ స్టేషన్‌వాళ్లు ఆ టేపుల మీదే పశువుల జబ్బుల కార్యక్రమం రికార్డు చేసేసుకున్నారు. అప్పట్లో టేపు ఖరీదు, కామెడీ చవక.

ఆ ఎనిమిదింట్లో ఓనరమ్మ వేషం వేసింది మా పిన్ని, అంటే మా అమ్మ సొంత చెల్లెలు. తొమ్మిదో దాన్నుంచి ఇంకొకావిడ వచ్చింది. పేరు, బిరుదులు, సన్మానాలు అన్నీ ఆవిడకే. పిన్నిని డైరెక్టరు పక్కకి పిలిచి, “ఏమీ అనుకోకమ్మా, నీ మాటలకి ఎవరికీ నవ్వు రావట్లేదు” అన్నాడట. ఇరవయ్యారేళ్ల పిల్ల. ఇంటికొచ్చి కుట్టుమిషను ముందు కూర్చుంది. నలభై రెండేళ్లయింది, ఇప్పటికీ మా ముందుగదిలో చొక్కాలు, గౌన్లు కుడుతూ అక్కడే ఉంది.

పిన్నికి నవ్వించడం రాదా అంటే, ఆవిడ నోరు తెరిస్తే మాకు పొట్ట చెక్కలయ్యేది. కానీ మేం నవ్వామా, కత్తెర ఆపి, “ఏముందని ఆ నవ్వు? నా మీద జాలా?” అని నిలదీసేది. దాంతో మా ఇంటిల్లిపాదికీ నవ్వు మింగడం అలవాటైపోయింది. మా ఆయన అయితే పెళ్లైన కొత్తలో పెరట్లోకి పరిగెత్తి నవ్వి వచ్చేవాడు.

తను తెర మీద ఎలా ఉందో పిన్ని ఒక్కసారి కూడా చూసుకోలేదు. అప్పటికి మా ఇంట్లో టీవీ లేదు. అమ్మ పక్కింట్లో రెండు భాగాలు చూసిందట గానీ, చెల్లెలు కనబడుతోందన్న కంగారులో ఒక్క ముక్కా చెవికెక్కలేదంటుంది. ఇక సెట్లో చూద్దామా అంటే అక్కడ ఎవరూ నవ్వకూడదు, నవ్వితే మైకులో పడుతుంది. కెమెరా ఆయన దవడ బిగించుకుని నిలబడేవాడట. అది నవ్వాపుకోవడమో, పన్నునొప్పో ఈవిడకెలా తెలుస్తుంది?

అందుకే నేను వెతకడం మొదలుపెట్టాను. పదకొండేళ్లు వెతికాను. ఆ ఎనిమిదింట్లో ఒక్కటి దొరికినా చాలు, “ఇదిగో, నువ్వు నవ్వించావు” అని పిన్ని ముందు పెట్టాలి. స్టేషన్‌కి ఉత్తరాలు రాశాను. కాళ్లరిగేలా తిరిగాను. అక్కడి స్టోర్ కీపరు పాపం మంచివాడు, అరలన్నీ దింపి చూపించాడు. అన్నీ పశువులే. పాత సామాన్ల కొట్లు, మూతపడ్డ వీడియో లైబ్రరీలు, చనిపోయిన ఎడిటరుగారి కొడుకుగారి గ్యారేజీ, ఎక్కడా వదల్లేదు. తలప్రాణం తోకకొచ్చింది గానీ టేపు మాత్రం రాలేదు.

ఆ రోజుల్లోనే మా గ్రూపులో ఒక డ్రాయింగ్ మాస్టారు, “మా ఇంట్లో నాలుగో భాగం ఉంది, కాసెట్లో మాట మాత్రమే ఉంది, బొమ్మ లేదు” అంటూ ఒక నిమిషం ముక్క పంపాడు. పది సెకన్లు విన్నాను. గిన్నెల చప్పుడు, ఎవరిదో దగ్గు, “ఉష్ ఉష్” అంటూ ఇంకెవరో. ఒళ్లు మండింది. నాకు బొమ్మ కావాలి, శుభ్రమైన కాపీ కావాలి. “మాస్టారూ, ఇది నాలుగో భాగం కాదు, పెళ్లివారి గోల. మీ ఇంట్లోనే ఉంచుకోండి” అని పెట్టాను. రెండొందల మంది పళ్లికిలించిన బొమ్మలు పెట్టారు. మాస్టారు గ్రూపులోంచి వెళ్లిపోయాడు.

కిందటి నెల పిన్ని కొత్త కళ్లజోడు కోసం మా షాపుకొచ్చింది. దగ్గరచూపు పరీక్షకి మా దగ్గర ఒక అచ్చుకార్డు ఉంటుంది. అది వేరే కస్టమరు చేతిలో ఉండటంతో, పిన్నికి కొత్త జోడు పెట్టి నా ఫోన్ ఇచ్చి, “ఇది చదువు పిన్నీ” అన్నాను. అందులో ఏం తెరిచి ఉందో చూసుకోలేదు. పిన్ని గట్టిగా, ఒక్కొక్క మాటా విడమరిచి చదివింది.

“మొదటి ఎనిమిది భాగాలు. ఓనరమ్మగా, ఎవరో ఒకావిడ. నవ్వించలేకపోయారు.”

మా గ్రూపువాళ్లు సీరియల్ మీద వేయబోతున్న పుస్తకం చిత్తుప్రతి అది. పిన్ని జోడు తీసి, తిప్పి చూసి, మళ్లీ పెట్టుకుంది.

“బాగా కనబడుతోంది. ఇవే ఇవ్వు.”

ఆ సాయంత్రం గ్రూపులో అందరి మీదా విరుచుకుపడ్డాను. “చూడకుండా ఎలా రాస్తార్రా?” అంటే, “చూసినవాళ్లు చెప్పింది రాశాం. కాదంటే రుజువు చూపించండి, పదిహేనురోజుల్లో అచ్చుకి వెళ్తోంది” అన్నారు. రుజువు. పదకొండేళ్లలో నా ఇంటి గుమ్మం దాకా వచ్చిన రుజువు ఒక్కటే, దాన్ని నేనే తన్ని తగలేశాను. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది నా బతుకు.

ఆదివారం పొద్దున్నే అహం దిగమింగి మాస్టారింటికి వెళ్లాను. రెండో అంతస్తులో చిన్న ఇల్లు, వరండా నిండా పిల్లలు వేసిన బొమ్మలు ఆరేసి ఉన్నాయి. తలుపు తీసిన మాస్టారు నన్ను ఎగాదిగా చూసి, నేను ఫలానా అని చెప్పగానే పక్కకి తప్పుకున్నాడు.

“పెళ్లివారిల్లు ఇదేనండీ. రండి.”

చచ్చినట్టు లోపలికెళ్లి కూర్చున్నాను. “తప్పయిపోయింది మాస్టారూ” అన్నాను. ఆయన భార్య లోపల్నుంచి, “చాలు లెండి, ఇంటికొచ్చిన మనిషిని ఏడిపించింది” అని ఆయన్ని కసిరి నాకు మంచినీళ్లిచ్చింది. ఓనరమ్మ మా పిన్ని అని చెప్పాను. ఆ మాట వినగానే మాస్టారి మొహమే మారిపోయింది.

“ఆవిడ ఉన్నారా? ఎక్కడ?”

“మా ముందుగదిలో. చొక్కాలు కుడుతోంది.”

ఆయన కుర్చీ నా ముందుకి లాక్కున్నాడు. అప్పటికి ఆయనకి పద్నాలుగేళ్లట. ఇంట్లో మొత్తం పదకొండుమంది. పెద్దన్నయ్యకి ఫ్యాక్టరీలో సాయంత్రం షిఫ్టు కావడంతో సీరియల్ చూసే యోగం లేదు. సంపాదించేది ఆయన, చూసేది మిగతా పదిమంది. అందుకని స్టూలు మీద టేప్ రికార్డరు పెట్టి, టీవీ ముందుకి జరిపి, ప్రతివారం ఆయన కోసం మాటలు పట్టిపెట్టేవాళ్లు.

“మా అమ్మ ఆర్డరు వేసింది. అరగంటసేపు దగ్గకూడదు, తుమ్మకూడదు, నవ్వితే అన్నం లేదు అని. నోటికి చేతులడ్డం పెట్టుకుని కూర్చునేవాళ్లం. ఉన్నది ఒకటే కాసెట్, ప్రతివారం దాని మీదే మళ్లీ ఎక్కించేవాళ్లం. నాలుగోవారం తర్వాత అన్నయ్యకి పగటి షిఫ్టు ఇచ్చారు. అందుకని ఇదొక్కటి మిగిలింది.”

వదులైన టేపుని పెన్సిలుతో తిప్పి బిగించి, మీట నొక్కాడు.

మొదట సంగీతం వచ్చింది. తర్వాత గుమస్తా వచ్చి వరసగా జోకులు వేశాడు. మేం మూడొందలమందిమీ ప్రాణమిచ్చే గుమస్తా. కాసెట్లోని గదిలో చీమ చిటుక్కుమన్నా వినబడేంత నిశ్శబ్దం, పదిమందీ ఆజ్ఞ పాటిస్తున్నారు. అప్పుడు గుమస్తా, “ఓనరమ్మగారూ, మా గదిలో పైకప్పు కారుతోందండీ” అన్నాడు. జవాబు పిన్ని గొంతులో వచ్చింది.

“కారితే కారనీ నాయనా. పంపులో నీళ్లు రావట్లేదని నిన్నేగా ఏడ్చావ్?”

ఒక్కసారిగా ఇల్లు పేలిపోయింది. ఎవరో కిందపడ్డారు, గిన్నె దొర్లింది, ఒక ముసలాయన నవ్వలేక దగ్గుతున్నాడు. “నోర్ముయ్యండ్రా, పెద్దాడికి వినబడదు!” అని ఒకావిడ అరిచి, ఆ అరుపు పూర్తవకుండానే తనూ పగలబడి నవ్వింది.

“మా అమ్మ” అన్నాడు మాస్టారు.

అరగంటా అదే వరస. గుమస్తా మాట్లాడితే నిశ్శబ్దం, పిన్ని మాట్లాడితే ఇల్లు లేచిపోవడం. నా కళ్లమ్మట నీళ్లు ధారగా కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. “మర్నాడు మా అన్నయ్య ఒకటే తిట్లు” అన్నాడు మాస్టారు. “గుమస్తా చెప్పింది ప్రతి అక్షరం వినబడుతోంది, ఆవిడ చెప్పింది ఒక్కటీ పూర్తిగా వినబడదేంట్రా అని.” వెళ్లేటప్పుడు కాసెట్టుతో పాటు టేప్ రికార్డరు కూడా నా చేతిలో పెట్టాడు. నేను నోరు తెరవబోతే, “ముందు ఆవిడకి వినిపించండి, మిగతావన్నీ తర్వాత” అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పిన్ని ఎవరిదో కాలరు విప్పుతోంది. మెడలో కొలతల టేపు, నోట్లో గుండుసూది. మిషను మీద రికార్డరు పెట్టి నొక్కాను. మా ఆయన వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

తన గొంతు రాగానే పిన్ని మొహం చిట్లించి, సూది తీసి, “ఛీ, పిల్లిగొంతు. ఆపెయ్యి” అంది. ఇంతలో ఇల్లు పేలింది. పిన్ని చెయ్యి కాలరు మీదే ఆగిపోయింది.

“ఎవరే వీళ్లు?”

“ఎవరో ఏంటి పిన్నీ, చూసినవాళ్లు. నవ్వితే అన్నం పెట్టనని చెప్పి మరీ కూర్చోబెట్టారట.”

“ఎవర్ని చూసి నవ్వుతున్నారు? గుమస్తానా?”

“నిన్ను.”

నమ్మలేదు. మొదటినుంచీ వెయ్యమంది. గుమస్తా జోకుల దగ్గర తల వంచి, ఆ నిశ్శబ్దమంతా శ్రద్ధగా వింది. తన మాట రాగానే నవ్వు, ఇంకో మాట రాగానే ఇంకో నవ్వు. మూడోసారి వేసినప్పుడు పైకప్పు దగ్గర నా చెయ్యి పట్టుకుని ఆపించింది.

“ఇక్కడ చూడు. వాళ్లింకా నవ్వుతూనే ఉన్నారు, నేను గబగబా తర్వాత మాట అనేశాను. ఎవరికీ వినబడకుండా కొట్టుకుపోయింది.”

“నీకెలా తెలుస్తుంది పిన్నీ? నువ్వెక్కడో స్టూడియోలో ఉంటివి.”

“అదేనే” అంది. కొత్త కళ్లజోడు వెనక కళ్లు నిండిపోయాయి. “నవ్వుతున్నారని తెలిస్తే ఆగేదాన్ని. ఆగేదాన్ని కదే.”

కొంగలా మెడ చాచి వింటున్న మా ఆయన కూడా తల వంచుకున్నాడు. నేను, “ఆ కొట్టుకుపోయిన మాటేంటి పిన్నీ? మాస్టారింట్లో కూడా ఎవరికీ తెలీదట” అన్నాను.

పిన్ని కొలతల టేపు మెడలోంచి తీసి పక్కన పెట్టి, లేచి నిలబడింది. “వెయ్యి” అంది.

వేశాను. గుమస్తా అడిగాడు, ఓనరమ్మ జవాబిచ్చింది, ఇల్లు పేలింది. పిన్ని ఒక చెయ్యి ఎత్తి అలాగే నిలబడింది. గిన్నె దొర్లింది, మాస్టారి అమ్మ అరిచింది, నవ్వింది. ముసలాయన దగ్గు తగ్గేదాకా పిన్ని కదల్లేదు. దగ్గు తగ్గాక చెయ్యి దించి సైగ చేసింది, నేను మీట ఆపాను. గడ్డం పైకెత్తి, మేడ మీదకి చూస్తూ, అరవై ఎనిమిదేళ్ల ఓనరమ్మ తీరుబడిగా అంది:

“బకెట్ పెట్టుకో నాయనా. నిండితే సగం కిందికి తెచ్చియ్యి. కప్పు నాదేగా!”

మా ఆయన పెరట్లోకి పరిగెత్తలేదు, గుమ్మం పట్టుకుని అక్కడే కూలబడ్డాడు. నేను నేల మీద కూర్చుండిపోయి, ఊపిరాడక, డొక్కలు పట్టుకుని నవ్వాను. ఈసారి పిన్ని నిలదీయలేదు. మా ఇద్దరి నవ్వూ అయ్యేదాకా, చేతులు కట్టుకుని, ఆగింది.