మెట్ల వంతు

నేను ఒక చెక్కపలకను. జానెడు పొడవు, పైన ఒక తాడు. స్కాట్లాండులో స్టిర్లింగ్ అనే పాత ఊళ్ళో, కోట కింది సందులో, ఆరు వాటాల రాతి మేడలో నా కాపురం. కాపురమన్నానే గానీ, కాలు కాలిన పిల్లికి కాపురమేమిటి? శనివారం వస్తే చాలు, ఒక తలుపు పిడి నుంచి ఇంకో తలుపు పిడికి నా ప్రయాణం. నేను ఎవరి తలుపుకు వేలాడితే ఆ వారం మెట్లు కడిగే వంతు వాళ్ళది.

నన్ను చేసింది ఈ మేడలోనే ఉండే ముసలావిడ మోరాగ్ గారి నాన్న, వడ్రంగి. బీరువాకు మిగిలిన చెక్క మీద 'మెట్ల వంతు మీది' అని ఎర్రగా రాశాడు. అరవై ఏళ్ళలో ఆ అక్షరాలు అరిగిపోయాయి. అందరికీ కంఠతా వచ్చు కనుక మళ్ళీ రాయాలని ఎవరికీ తోచలేదు. నా వల్ల వాళ్ళకున్న సుఖమల్లా ఒకరితో ఒకరు మాట్లాడనక్కర్లేకపోవడమే. చప్పుడు కాకుండా తగిలించి దొంగల్లా జారుకుంటారు. దానికి మర్యాదని పేరు.

పోయిన చలికాలం విజయనగరం నుంచి త్రినాథ్, హైమవతి వచ్చి మోరాగ్ గారి పక్కవాటాలో దిగారు. అతనికి ఆసుపత్రిలో ఉద్యోగం. ఆమెకు రోజంతా కిటికీ. పాలు పొంగించిన మర్నాడే మోరాగ్ గారు నన్ను వాళ్ళ తలుపుకు తగిలించి వెళ్ళింది.

"ఏవండోయ్, ఇటు రండి! కొత్తగా వచ్చేమని, మంచి జరగాలని గుమ్మానికి ఎవరో ఏదో కట్టేరు!" అని మురిసిపోయింది హైమవతి.

"ఇక్కడి ఆచారమై ఉంటాదిలే," అన్నాడు త్రినాథ్.

నాకు పసుపు రాసి, బొట్టు పెట్టి, అప్పన్న స్వామి పటం పక్కన నిలబెట్టింది. శనివారాలు వచ్చి పోతున్నాయి. బయట మెట్ల మీద బురద పేరుకుంటోంది. ఇక్కడ నాకు రోజూ హారతి. లేని కాళ్ళు పీకుతున్నాయి.

కొత్తవాళ్ళు మెట్లు కడగట్లేదని మేడంతా కోపమే. నోరు తెరిచి చెప్పినవాడు లేడు. ఆరో వారానికి హైమవతి ఏడ్చేసింది.

"మెట్ల మీద ఎదురైతే మొహం తిప్పేసుకుంటన్నారండీ. మనం ఏటి చేసేం? నేనిక్కడుండలేను. వెళ్ళిపోదాం."

త్రినాథ్ వేరే ఇల్లు వెతకడం మొదలుపెట్టాడు.

అప్పుడు బెల్లు మోగింది. మోరాగ్ గారు! "అమ్మాయీ, మెట్ల పలక..." అంటూనే గుమ్మంలోంచి నన్ను చూసింది, బొట్టుతో సహా. సంగతంతా విని హైమవతి సిగ్గుతో చచ్చిపోయింది. ముసలావిడ మాత్రం నా వంకే చూస్తూ, "మా నాన్న చేతిపనికి ఇంత గౌరవం ఎవరూ ఇవ్వలేదు," అంది.

ఆ పూటే హైమవతి పైనుంచి కింది దాకా మెట్లు కడిగింది. శనివారం నన్ను పట్టుకుని కింది వాటా ముందు నిలబడింది. "దేవుడి దగ్గరున్నదాన్ని తలుపుకి తగిలించి పారిపోతామా?" అని త్రినాథ్‌తో అని, బెల్లు కొట్టి, పులిహోర డబ్బాతో పాటు నన్ను రెండు చేతులా అందించింది. మరుసటి శనివారం వాళ్ళూ బెల్లు కొట్టక తప్పలేదు. ఆ డబ్బాలో ఈసారి బిస్కెట్లు. ఇప్పుడు డబ్బా, నేను కలిసే తిరుగుతున్నాం. త్రినాథ్ ఇల్లు వెతకడం మానేశాడు.

మొన్న హైమవతి రంగు డబ్బా తెచ్చి, అక్షరాలు మళ్ళీ రాస్తానంది. మోరాగ్ గారు వద్దంది.

"రాసుంటే చదివి ఊరుకుంటారమ్మా. లేకపోతే వచ్చి అడుగుతారు."