రొట్టె చుట్టిన కాగితం

మూడో అంకంలో టెక్లా నోట ఆ మాట దొర్లిపోయింది. "క్షమించమని నేనడగను. తలుపు మాత్రం గడియ వేయకండి."

ఆ మాట నాటకంలో లేదు. కిందటి చలికాలం ఈ నాటకం రాస్తూ తనే రాసి, తనే కొట్టేసింది. ఎదురుగా భర్త వేషంలో ఉన్న నటుడు బిత్తరపోయాడు. ఈ నాటకం ఊళ్లో లేని ఆల్బర్స్ అనే పెద్దమనిషి పంపాడని కంపెనీలో అందరి నమ్మకం. ఆడది రాసింది నా వేదిక ఎక్కదని పదిమందిలో అన్న మనిషి డైరెక్టర్ బ్రెండెకే. నిజం తెలిస్తే రేపే ఆట ఆపేస్తాడు.

ఆయన తెర పక్కన రాతప్రతి పట్టుకుని, పంక్తి పంక్తికీ వేలు జరుపుతూ నిలబడ్డాడు. ఆ వేలు ఆగింది.

మిగతా ఆట ఎలా ఆడిందో ఆమెకే తెలియదు. తెర దిగగానే బ్రెండెకే ఎదురొచ్చాడు.

"ఎక్కడిదమ్మా ఆ మాట? ఆల్బర్స్ కలలోకొచ్చి చెప్పి వెళ్లాడా?"



వేదిక ముందున్న గూట్లోంచి, నటులకు మాటలందించే ముసలి వాల్బుర్గా మోకాళ్లు పట్టుకుంటూ పైకొచ్చింది. ఆట మధ్యలో ఆ గూడు వదిలి రావడం కుదరదని రోజూ ఆమెకు రొట్టె చుట్టి తెచ్చేది టెక్లాయే.

"నేనే అందించాను బాబూ. ఆల్బర్స్ పార్సిల్లో వచ్చిన పాత కాగితం నా ప్రతిలో కలిసిపోయింది." జేబులోంచి మడత విప్పి ఇచ్చింది.

బ్రెండెకే దీపం దగ్గర పెట్టి చూశాడు. "ఆల్బర్స్ రాతే. మరి ఈ వెన్న మరకలేంటి?"

"నా భోజనాల గది కూడా ఆ గూడేగా! బల్లేమైనా వేయించారా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. బ్రెండెకే నవ్వలేదు. కాగితం మళ్లీ చదివాడు.

"రేపట్నుంచి కళ్లద్దాలు పెట్టుకో," అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. "ఈ మాటే బావుంది. ఇదే ఉంచండి."

ఆయన వెళ్లాక టెక్లా వేషం మార్చుకునే గదికి వెళ్లింది. వాల్బుర్గా ఆమె జాకెట్టు కొక్కేలు విప్పుతూ చెవిలో అంది:

"ఇకమీదట రొట్టె తెల్ల కాగితంలో చుట్టు పిల్లా. నువ్వు చుట్టి తెచ్చిన మిగతా చిత్తు కాగితాలన్నీ చదివి పొయ్యిలో వేశాను. ఇదొక్కటీ కాల్చబుద్ధి కాలేదు."