బయటి గడియ

"కాసేపు ఆ దగ్గు ఆపుకోమే. ఆఫీసరు ముందర ఇట్నే దగ్గతా నిలబడతావా ఏంది?" అంటూ మగ్దలీనమ్మ కూతురి వీపు నిమిరింది.

అబిగయీలు ఆపుకోలేకపోయింది. గొంతులో పచ్చి కారం రాసినట్టు ఒకటే మంట. చెంబెడు నీళ్ళు తాగి, చెంబు కింద పెట్టేలోగా మళ్ళీ దగ్గు తెర. కళ్ళు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. రొయ్యల షెడ్డులో అమోనియా గ్యాసు లీకై వారం కూడా కాలేదు. ఎన్నిసార్లు తలంటుకున్నా జుట్టులోంచి ఆ ఘాటు పోవడం లేదు.

"తెల్ల చీర కట్టుకోరాదా?"

"ఇయ్యాల ఆదివారం గాదు గదమ్మా. విచారణ."

"జరిగేది మందిరంలోనే గదా. సాక్ష్యం చెప్పేటప్పుడు శుభ్రంగా ఉండాల. బిన్నా కానీ, పొద్దెక్కతా ఉంది."

సాక్ష్యం అంటే ఆ పాలెంలో ఒకటే అర్థం. ఆదివారం పాటలు అయిపోయాక ఒక్కొక్కరే లేచి, కొంగు తల మీద కప్పుకుని, ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు చెప్పాలి. జ్వరం తగ్గిందనో, తప్పిపోయిన గేదె దొరికిందనో, పిల్లవాడు పాసయ్యాడనో చెబితే అందరూ 'స్తోత్రం' అంటారు. సాక్ష్యంలో ఎవరూ ఎవరి మీదా ఫిర్యాదు చెయ్యరు. అది పద్ధతి కాదు. పోలీసు స్టేషన్లలో, కోర్టుల్లో చెప్పే సాక్ష్యం సంగతి వాళ్ళకు తెలీదు. వాళ్ళను అడిగినవాళ్ళెవరు గనక!

బోగోలు దాటి సముద్రం వైపు పోతే రోడ్డు పక్కనే ఆ షెడ్డు కనబడుతుంది. తెల్లవారేసరికి చెరువుల నుంచి రొయ్యలు దిగుతాయి. ఆడవాళ్ళు ఐసు నీళ్ళలో చేతులు పెట్టి తలలు తుంచి, పొట్టు ఒలవాలి. కిలో ఒలిస్తే పద్నాలుగు రూపాయలు. చెయ్యి బాగా ఆడేవాళ్ళకు రోజుకు మూడొందల యాభై దాకా వస్తుంది. ఆడవాళ్ళు రొయ్యలు కొంగున మూటకట్టుకు పోతున్నారని యజమానికి అనుమానం. అందుకని పని మొదలైనప్పటి నుంచి తూకం అయ్యేదాకా తలుపుకు బయట నుంచి గడియ వేసి తాళం పెడతారు. ఒంటికి వెళ్ళాలన్నా లోపల నుంచి తలుపు కొట్టి, వాచ్‌మన్ వచ్చేదాకా బిగపట్టుకుని నిలబడాలి. ఇదేం అన్యాయం అని మొదట్లో నలుగురు గొణిగారు. తర్వాత అదీ మానుకున్నారు.

గ్యాసు వచ్చిన రోజున తల్లీకూతుళ్ళిద్దరూ లోపలే ఉన్నారు. ఆ రోజు కూడా అందరూ తలుపు కొట్టారు. అరిచారు. గడియ వేసిన వాచ్‌మన్ తాళంచెవితో సహా అందరికంటే ముందే రోడ్డెక్కి పరుగెత్తాడు. లోపల మిగిలిన దారి ఒకటే, ఐసు గడ్డలు లోపలికి తోసే కిటికీ. అది తల కంటే ఎత్తులో ఉంది. ఆ కిటికీ కింద గోడకు ఆనుకుని నిలబడింది మాలకొండమ్మ. వాళ్ళతోపాటే రొయ్యలు ఒలుస్తుంది గానీ మందిరానికి వచ్చే మనిషి కాదు. పొడగరి, బలమైనది. ఒక్కొక్కరినీ తన భుజాల మీదికి ఎక్కించుకుని బయటికి తోసింది. అబిగయీలు వెనకాడితే, "చెప్పుకాలితో తొక్కాలా అని చూస్తా ఉండావా? తొక్కు మే, తొక్కు!" అని కసిరింది. అందరూ బయటపడ్డాక ఆమెను ఎత్తేవాళ్ళు ఎవరూ మిగల్లేదు. గోడ బద్దలుకొట్టి బయటికి తీసేసరికి స్పృహ లేదు. ఇప్పుడు నెల్లూరు ఆసుపత్రిలో గొట్టాలతో ఊపిరి తీసుకుంటోంది.

షెడ్డు యజమాని సుశీల్ కుమార్ మాత్రం తలుపు తీసే ఉందంటున్నాడు. బయటికొచ్చిన మాలకొండమ్మ సెల్‌ఫోను కోసం మళ్ళీ లోపలికి పోయిందట! విచారణలో అదే ఖాయమైతే తప్పు ఆమెదే అవుతుంది, ఆసుపత్రి ఖర్చు ఆమె కూతురి నెత్తిన పడుతుంది. సోమవారం నుంచి షెడ్డు మళ్ళీ నడుస్తుంది. గడియా ఉంటుంది.

సుశీల్ కుమార్ పరాయివాడు కాదు. ఈ పాలెంలోనే పుట్టాడు, చిన్నప్పుడు రొయ్యల ట్రేలు మోశాడు. సంఘ పెద్ద. మందిరానికి శ్లాబు వేయించింది ఆయనే. ఊళ్ళో వాళ్ళు ఈ ఆడవాళ్ళను గడప తొక్కనివ్వని రోజుల్లో పిలిచి పని ఇచ్చిందీ ఆయనే. అందుకే ఆయన మీద కోపం తెచ్చుకోవాలన్నా అబిగయీలుకు సిగ్గుగా ఉంటుంది. నిన్న సాయంత్రం దానిమ్మకాయల సంచీ పట్టుకుని ఇంటికి వచ్చాడు.

"పాపా, నువ్వు ఇంటరు చదివిన పిల్లవి. నీ మాటకి విలువిస్తారు," అన్నాడు మంచం మీద కూర్చుని. "గడియ గిడియ అని లేనిపోనివి కెలికినామంటే షెడ్డు సీలేస్తారు. మన వాళ్ళ కొంపల్లో పొయ్యి యెట్లా వెలగతాదో చెప్పు. సాక్ష్యమంటే ఏంది? దేవుడు చేసిన మేలు చెప్పడం. ఆదివారం చెప్పినట్టే చెప్పు, చాలు."

"మాలకొండక్క సంగతేందన్నా?"

"ఆమె కోసం ప్రార్థన చేద్దాం," అని లేచి వెళ్ళిపోయాడు.

అబిగయీలు ఈస్టరుకు ముందే బాప్తిస్మం తీసుకుంది. పాత బతుకు నీళ్ళలో పాతిపెట్టి లేచానని సముద్రం ఒడ్డున అందరి ముందూ చెప్పింది. పాత బతుకంటే ఇరవై రెండేళ్ళ పిల్లకు ఏముంటుంది? సినిమాలు మానేసింది. గోళ్ళ రంగు తుడిచేసింది. యవ్వనస్తుల కూడికలో అవే చెప్పారు, అవన్నీ ఆమె సులువుగానే చేసింది. విశ్వాసం ఇంత తేలికా అని లోలోపల మురిసిపోయింది కూడా. నిన్నటి నుంచి మాత్రం ముద్ద దిగడం లేదు.

తల్లీకూతుళ్ళు మందిరం చేరేసరికి గేటు బయట వేపచెట్టు నీడన మాలకొండమ్మ కూతురు భానుప్రియ నిలబడి ఉంది. ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చినట్టుంది, చేతిలో ఖాళీ క్యారియరు అలాగే ఉంది.

"లోపలికి రా," అంది అబిగయీలు.

"మీ గుడి గదక్కా. నేను రాకూడదేమో."

"ఎట్లుండాది అమ్మకి?"

"కళ్ళు తెరిచింది. మాట రాలే." భానుప్రియ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, గడియ సంగతి చెప్తావు గదా? మా మాట ఎవురూ నమ్మరు. నేను ఆడ లేను. మీరే ఉండారు."

మగ్దలీనమ్మ కూతుర్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది.

మందిరంలో చాపల మీద ఆడవాళ్ళంతా కూర్చున్నారు. ఎదురుగా బల్ల వేసి విచారణకు వచ్చిన అధికారి పద్మనాభయ్యను కూర్చోబెట్టారు. ఆయన పక్కన కుర్చీలో సుశీల్ కుమార్, ఇంకో పక్కన పాస్టరు క్రీస్తుదాసు. షెడ్డులో ఇంకా ఘాటు పోలేదు కాబట్టి ఇక్కడైతే చల్లగా ఉంటుందని ఏర్పాటు చేసింది సుశీల్ కుమారే. అధికారి చెడ్డవాడేం కాదు. ఎండనపడి వచ్చాడు, మొహం తుడుచుకుంటూ ఓపిగ్గానే మాట్లాడాడు.

"చూడండమ్మా, ఎవరూ భయపడొద్దు. ఒక్కొక్కరే లేచి సాక్ష్యం చెప్పండి. అంతే."

ఆ మాట వినడంతోటే మగ్దలీనమ్మ ముందుగా లేచింది. కొంగు తల మీదికి లాక్కుంది, కళ్ళు సగం మూసుకుంది.

"ప్రభువు నామానికి స్తోత్రం. సంఘానికీ, పాస్టరు అయ్యగారికీ, ఆఫీసరు సారుకీ వందనాలు. ఆ దినాన చావు నోట్లో ఉండిన నన్ను నా దేవుడు చెయ్యి పట్టి లాగినాడు. ప్రభువా అని పిలిచినాను, ఆలకించినాడు. దారి లేని చోట నాకు తలుపు తెరిచినాడు!"

"స్తోత్రం!" అన్నారు ఆడవాళ్ళు.

పద్మనాభయ్య తల ఎత్తాడు. "ఏమన్నావమ్మా? తలుపు తెరిచి ఉందా?"

"తెరిచినాడు సార్! తెరవకపోతే నేనీడ నిలబడి ఉంటానా?"

"తలుపు తెరిచి ఉంది," అని పైకి అనుకుంటూ ఆయన రాసుకున్నాడు.

సుశీల్ కుమార్ కుర్చీలో వెనక్కి వాలాడు. తర్వాత లేచిన ఇద్దరూ అదే దారిన పోయారు. ఒకామె కన్నీళ్ళతో సహా చెప్పింది. ఒక్కరూ అబద్ధం ఆడలేదు, అదీ చిత్రం! దేవుడు నిజంగానే కాపాడాడని నమ్మారు, ఆదివారం అలవాటు కొద్దీ ఆ మాటే చెప్పారు. పాపం ఆ అధికారికి మందిరం భాష తెలీదు. మంచి మాటలన్నీ కాగితం మీదికి ఎక్కేసరికి అబద్ధమై కూర్చుంటున్నాయి.

అబిగయీలు గడియ సంగతి ఇంకెవరైనా చెబుతారేమో అని చుట్టూ చూసింది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు. ఇంకొక్కరు ఇలాగే చెబితే తప్పు మాలకొండక్కదేనని రాసి కాగితం మూసేస్తారు. భయం వేసింది. భయంతోనే లేచింది.

"పేరు చెప్పమ్మా."

"అబిగయీలు సార్. ప్రభువు నామానికి..." అని ఆగిపోయింది. దగ్గు వచ్చింది. దగ్గు తగ్గేదాకా అందరూ ఎదురుచూశారు. "సార్, మాయమ్మ చెప్పిన తలుపు వేరే. కష్టం గట్టెక్కితే మేము అట్నే అంటాం, దేవుడు తలుపు తెరిచినాడని. షెడ్డు తలుపు ఎవురూ తెరవలే. దానికి బయట గడియ ఏసుంది."

పద్మనాభయ్య తాను రాసింది ఒకసారి చూసుకున్నాడు. "బయటి నుంచా?"

"బయటి నుంచే సార్. రోజూ వేస్తారు."

"పాపకి గ్యాసు తలకెక్కినట్టుంది సార్, ఇంకా కుదుటపడలా," అని సుశీల్ కుమార్ నవ్వాడు. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. "పాపా, ముందు ఇది చెప్పు. ప్రభువు నిన్ను కాపాడినాడా లేదా?"

"కాపాడినాడన్నా."

"మరింకేంది?"

"గడియ ఏసింది మటుకు ప్రభువు కాదు గదన్నా. మాలకొండక్క భుజం తొక్కి నేను కిటికీ ఎక్కినాను. అందరం అట్నే ఎక్కినాం. ఆమె ఫోను కోసం లోపలికి పోలేదు సార్. అసలు బయటికే రాలేదు."

"కూర్చోమే! నీకు దండం పెడతా, కూర్చో," అని మగ్దలీనమ్మ చీర కుచ్చిళ్ళు పట్టి లాగింది.

సుశీల్ కుమార్ లేచి నిలబడ్డాడు. "అన్నం పెట్టినోడి మీద నోరు చేసుకునేందుకేనా నువ్వు బాప్తిస్మం తీసుకునింది?"

"ఇందుకే అన్నా," అంది అబిగయీలు. ఆ మాట తన నోటి వెంట ఎలా వచ్చిందో ఆమెకే తెలీదు.

క్రీస్తుదాసు కుర్చీలోంచి లేచాడు. మెత్తని మనిషి. తగాదా జరిగేచోట నిలబడలేడు. సంఘం చీలకుండా చూడటమే కాపరి పని అని గట్టిగా నమ్మినవాడు. ఆయన ఉండే ఇల్లు కూడా సుశీల్ కుమార్ కట్టించిందే. ఆయనకు తెలిసిన దారి ఒకటే. చేతులెత్తి, "కళ్ళు మూసుకుందాం. ప్రార్థన చేసుకుందాం," అన్నాడు.

ఆ పిలుపు వింటే చాలు, పాలెంలో పిల్లా పెద్దా ఎక్కడివాళ్ళక్కడ తల వంచుతారు. ఇప్పుడూ తలలన్నీ వంగాయి. పద్మనాభయ్య ఏం చెయ్యాలో తోచక పెన్ను పట్టుకునే కూర్చున్నాడు. అబిగయీలు కూర్చోలేదు, కళ్ళు మూసుకోలేదు. ప్రార్థనలో ఉన్న మనుషులను తేరిపార చూడటం ఆమెకు అదే మొదలు. తల్లి జోడించిన చేతులు కనబడ్డాయి. రొయ్య ముళ్ళు గుచ్చుకుని వేళ్ళ సందులన్నీ పుండ్లు.

పాస్టరు సమాధానం కోసం, అంటే శాంతి కోసం ప్రార్థించాడు. సంఘ ఐక్యత కోసం, ఆఫీసరుగారి ప్రయాణం కోసం, సుశీల్ కుమార్ గారి కుటుంబం కోసం, ఆయన చేతి పనుల కోసం ప్రార్థించాడు. ఇంక ముగింపులోకి వచ్చాడు.

"మాలకొండక్క పేరు చెప్పండయ్యగారూ," అంది అబిగయీలు.

పాస్టరు గొంతు తడబడింది. ప్రార్థన మధ్యలో ఎవరైనా మాట్లాడటం ఆ మందిరంలో ఎన్నడూ లేదు. ఒకరిద్దరు కళ్ళు తెరిచారు. వాళ్ళను చూసి ఇంకొందరు. కిటికీ కింద మాలకొండమ్మ భుజం తొక్కని కాలు ఆ చాపల మీద ఒక్కటి కూడా లేదు. ఆయన ఆ పేరు చెబుతాడేమోనని అందరూ చూశారు.

చెప్పలేదు. గబగబా నాలుగు మాటలు కలిపి, "యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ," అని ముగించి, అందరూ ఆమెన్ అంటారని ఆగాడు.

"ఆమెన్," అన్నాడు సుశీల్ కుమార్.

అన్నది ఆయన ఒక్కడే. కళ్ళు తెరిచి చూశాడు. ఆడవాళ్ళంతా ఆయన వైపే చూస్తున్నారు, నోళ్ళు మూసుకుని. మగ్దలీనమ్మ కూడా.