తాత కలిపిన ఉప్పు

పాఠం చదివి వినిపించడంలో నన్ను మించిన యంత్రం ఈ భూమ్మీద పుట్టలేదు. నా మనవరాలికి పుస్తకం తెరిస్తే అక్షరాలు కలగాపులగమైపోతాయి. అందుకని దాని పాఠాలన్నీ నేనే చదివేవాణ్ణి. ఒకసారి విందంటే పొల్లుపోకుండా అప్పజెబుతుంది.

అదే కొంప ముంచింది. తిమింగలం తుమ్మితే ఓడ కొండెక్కి కూర్చుంటుందని సైన్సు పరీక్షలో రాసి వచ్చింది. టీచరమ్మ నన్ను పిలిపించింది.

"తాతగారూ, ఈ తుమ్ము ఏ పాఠంలో ఉందండీ?"

"పాఠం మరీ చప్పగా ఉంటే, కాస్త ఉప్పు కలిపానమ్మా."

"మీ ఉప్పుకి పిల్ల పరీక్ష తప్పింది. ఈసారీ తప్పితే మళ్లీ ఇదే క్లాసులో కూర్చోవాలి."

అని ఒక పెన్ను నా చేతిలో పెట్టింది. దాన్ని అక్షరాల మీద నడిపితే ఉన్నదున్నట్టు పైకి చదువుతుంది. పరీక్షలో ప్రశ్నలు కూడా అదే చదివిపెడుతుందట. దాని గొంతు జలుబు చేసిన గుమాస్తా గొంతులా ఉంది. అయినా మనవరాలు రోజూ దాన్నే వింటూ కూర్చుంది.

"ఎలా ఉన్నాడే నీ కొత్త తాత?" అన్నాను ఉడుకుబోతుగా.

"నీలాగా కోతలు కొయ్యడు తాతయ్యా. కానీ కథలకి మాత్రం నువ్వే కావాలి."

పిల్ల పరీక్ష గట్టెక్కింది. నన్ను మించిన యంత్రం పుట్టింది, పిల్ల జేబులోనే ఉంది. ఒప్పేసుకున్నాను.

ఇదంతా నిజమే, తిమింగలం మీద ఒట్టు. కథలకి నేనే కావాలన్న ముక్క మాత్రం నేను కలిపిందే. పిల్ల నిజంగా అన్నది, "అబ్బా, మాట్లాడకు తాతయ్యా, వినబడట్లేదు!"